పురుగు కొరికిన చోటు

నా షెడ్డులో ఒక పనసచెట్టుంది.
వేళ్లు లేవు, మాను లేదు.
ఒక్క ఆకు, అదీ ప్లాస్టర్ అచ్చులో బోర్లా.
వారానికి పన్నెండు ఆకులేస్తుంది,
ఎండ బాగా కాస్తే పదిహేను.

కవిటి దాటాక
రోడ్డు జీడితోటల్లోకి వంగే చోట మా రేకుల షెడ్డు.
బోర్డు మీది పేరు మా ఆడపడుచు పెట్టింది,
నాకు నోరు తిరగదు.
లోపల
గూడబాతు మెడలాంటి పిడితో కూజాలు,
పీతలు నడిచిన ఇసకలా చారలు పడ్డ గిన్నెలు,
గోడకి తగిలించే చందువాలు,
పొలుసు పొలుసూ గోటితో నొక్కినవి.
విశాఖ నుంచి కార్లలో వస్తారు.
ఇది దేనికండీ, అంటారు.
చూడ్డానికండీ, అంటాను.
సరిగ్గా అప్పుడే దగ్గుతారు మా మామగారు నీలాచలం.

ఆయన కడవలు చేసిన మనిషి.
గెడ్డమట్టి నాలిక్కి రాసుకుని
ఇసక ఎంతుందో చెప్పగలిగిన మనిషి.
"నీల్లు నిలవందాన్ని కుండంతారేటమ్మీ?
కల్లతోటి తాగుతారేటి?"
నేను మాట్లాడను.
ప్లాస్టిక్ బిందెలొచ్చాక
ఆయన కడవలూ చూడ్డానికే మిగిలాయని
ఏ నోటితో చెప్పను?

ఆ ఆకు సంగతి కదా.
తిత్లీకి ఆరు రోజుల ముందు
పెరట్లో అంట్లు తోముతుంటే సబ్బునురగలో వచ్చి పడింది.
గట్టి ఈనె.
ఎడమ అంచున పురుగు కొరికిన గాటు,
చంటిపిల్లాడు అప్పం కొరికి వదిలేసినట్టు.
తోమడం ఆపి అచ్చు పోశాను.
ఎందుకని అడిగితే చెప్పలేను.
చేతులు ఎలాగూ తడిగానే ఉన్నాయి.

తర్వాత గాలి.
కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు.
ఉద్దానానికి నలభై ఏళ్లు,
గాలికి ఒక రాత్రి.
తెల్లారి తలుపు తీస్తే
పెరట్లో ఆకాశం ఎక్కువైపోయింది.
పనస వేళ్లతో సహా లేచి
మా కింది మట్టిని మాకే చూపిస్తోంది.
అంతటి ఏడుపుల్లోనూ మామగారు
ఆ వేళ్ల మట్టి కాస్త చిదిమి, వేళ్లతో నలిపి చూశారు.
అలవాటు.

మొన్న బరంపురం నుంచి ఒకావిడ ఫోను.
ఆరు ఆకుపళ్లేలు తీసుకుంది,
ఆరూ ఒకే చోట విరిగాయట.
విరగలేదమ్మా, తినేసింది.
ఎవరు?
పురుగు.
ఫోను పెట్టేసింది.

చిటికెడు మట్టితో పూడ్చేయొచ్చు.
రెండుసార్లు నా బొటనవేలు అక్కడిదాకా వెళ్లింది కూడా.
కానీ ఆకు చెట్టుది.
గాటు మాత్రం ఆ రోజుది.
ఆ పురుగు ఏమైందో ఎవరికీ తెలీదు,
దాని ఆకలి మాత్రం
నా అల్మారా నిండా వరసగా ఆరుతోంది.

పలాస నుంచి జీడితొక్కల బూడిద బస్తాల్లో తెస్తాను.
జల్లించి, నీళ్లలో కలిపి, పళ్లెం ముంచితే
బట్టీలో అది గాజవుతుంది.
ఏ పచ్చ వస్తుందో బట్టీకే ఎరుక.
ఒకసారి లేతచిగురు, ఒకసారి చెరువు నాచు,
ఒకసారి ఏమీ కాని మట్టిరంగు.
నిన్న తెరిస్తే
వాన పడబోయే ముందు పనస ఎలా నల్లబడేదో
అచ్చం ఆ పచ్చ.
దాన్ని అమ్మకానికి పెట్టలేదు, గట్టు మీద పెట్టాను.

మామగారు తీసుకున్నారు.
ఆయన కళ్లకి ఇప్పుడు రంగులు సరిగా అందవు.
గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నారు.
కంగుమంది.
బొటనవేలు ఈనె మీదుగా నడిచింది,
పక్క ఈనెలోకి తిరిగింది,
అంచుకి వచ్చింది,
గాటు దగ్గర ఆగింది.

"మన పెరటిదేటి?"
అవునన్నాను.

పళ్లెం ఒళ్లో పెట్టుకుని
చెంబుతో నీళ్లు పోసుకుంటూ కూచున్నారు,
పాత కడవకి చెమ్మ చూసినట్టే.
ఈనెలన్నీ మునిగాయి.
గాటు దాకా నిండాయి నీళ్లు.
అక్కణ్ణుంచి చుక్కా చుక్కా
ఆయన పంచె మీదకి జారాయి.

"నిలిసినంత నిలిసాయి" అన్నారు,
నాతో కాదు.
ఇంకో చెంబు తెమ్మన్నారు.